పదో వంతు ఎవరి సొమ్ములోంచి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సంఘానికి, అంటే చర్చికి, ఇచ్చే కానుకల గురించే ఉన్నాయి. పత్తి అమ్మకాలు ఒక కొలిక్కి వచ్చి, వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాలు దిగుతున్న రోజులు కావడం అందుకు కారణం కావచ్చు. డబ్బు చేతికి వచ్చినప్పుడే దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న కూడా వస్తుంది. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాను. మొదటి ఉత్తరం ఒక్క ఇంటి గోడు కాదు కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పరకాల దగ్గర ఒక పల్లె. నాలుగెకరాలు కౌలుకు తీసుకొని పత్తి పెట్టాము. 32 క్వింటాళ్లు వచ్చింది. క్వింటాకు 7,000 చొప్పున అమ్మితే 2,24,000 రూపాయలు అయ్యాయి. అందులో కౌలు 60,000, విత్తనాలు, ఎరువులు, మందులు కలిపి షాపు బాకీ 70,000, దున్నకానికి, గుంటుకకు 20,000, కిలోకు 12 రూపాయల లెక్కన పత్తి ఏరిన కూలి 38,400 పోగా మాకు 35,600 మిగిలింది. మా పాస్టర్ గారు అమ్మిన మొత్తం మీదనే దశమభాగం, అంటే పదో వంతు, తీయాలని, మిగిలిన దాని మీద తీస్తే దేవుని దగ్గర దొంగిలించినట్టేనని చెబుతారు. ఉన్నదాంట్లోంచి 22,400 తీస్తే ఇల్లు గడవదని, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాను. మా అత్తమ్మకు చేయిద్దామనుకున్న కంటి ఆపరేషన్ ఆగిపోయింది. మా ఇంటాయన సంఘానికి రావడమే మానేశారు. పోయినేడు దశమభాగం ఇవ్వనందుకే మా చేనుకు గులాబీ రంగు పురుగు పట్టిందని పాస్టర్ గారు అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేను చేసింది ఒప్పా, తప్పా? – ఒక సోదరి, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ మనసులో దొంగతనం లేదు. ఆ ఒక్క మాట ముందుగా చెప్పి, తక్కినది తీరికగా మాట్లాడుకుందాము.

మీరు రాసిన లెక్కను నేను కాగితం మీద వేసి చూశాను. 2,24,000 మీ చేతుల మీదుగా నడిచిందే కాని, మీ చేతిలో నిలిచింది కాదు. అందులో 60,000 భూమి యజమానివి. 70,000 షాపు వారివి. వారు జూన్‌లోనే మీకు అప్పుగా ఇచ్చి ఉన్నారు. 38,400 ఎండలో నడుము వంచి పత్తి ఏరిన కూలీలవి. ఇతరుల సొమ్ములోంచి తీసి దేవునికి కానుక పెట్టడాన్ని వాక్యం ఎక్కడా మెచ్చుకోలేదు. మీకు నిజంగా మిగిలింది 35,600. దాని పదో వంతు 3,560. మీరు ఇచ్చిన 22,400 మీకు మిగిలిన దానిలో నూటికి అరవై రెండు వంతులకు పైగా ఉంది. పైగా దానికి నెలకు 448 రూపాయలు, ఏడాదికి 5,376 రూపాయలు వడ్డీ కడుతున్నారు. అంటే, మీకు చెల్లవలసిన దశమభాగం కంటే ఎక్కువ సొమ్ము వడ్డీ వ్యాపారికి పోతున్నది.

మొత్తం మీద తీయాలన్న వారు లేవీయకాండము 27, ద్వితీయోపదేశకాండము 14 అధ్యాయాలను చూపిస్తారు. అక్కడ ఉన్నది పొలం పంట, చెట్ల పండ్లు, పశువుల మంద. ఆ చట్టం ఏ రైతును ఉద్దేశించి పుట్టిందో ఒకసారి తలచుకోండి. అతనికి పితరుల నుంచి వంతుగా వచ్చిన భూమి ఉంది. అమ్ముకోవలసి వచ్చినా యాభయ్యవ సంవత్సరంలో తిరిగి వచ్చే ఏర్పాటు ఉంది. అతని కల్లం మీద పడిన గింజ అతనిదే. దేవుని మందిర సేవ చేసే లేవీయులకు భూమిలో వంతు లేదు కాబట్టి, ఆ కల్లం మీద వారికొక భాగం నియమించారు. ఇది మన పల్లెలకు తెలియని సంగతి కాదు. మా తాత కాలంలో వడ్లు ఇంటికి తోలక ముందే, ఏడాదంతా ఊరికి పనిచేసిన వృత్తుల వారికి కల్లం దగ్గరే కుంచాలతో కొలిచి పెట్టేవారు; భూమి లేనివాడు బతకడానికి భూమి ఉన్నవాడి పంటలో ఉన్న హక్కు అది. అదే చట్టాన్ని తెచ్చి, భూమి లేక కౌలుకు చేసే మనిషి మెడకు కడితే దాని తల కిందికి, కాళ్లు పైకి అయినట్టే.

మరొక సంగతి. పశువుల దశమభాగం గురించి లేవీయకాండము చెప్పిన పద్ధతి చూడండి: మంద కోలకింద నుంచి ఒక్కొక్కటిగా నడుస్తుంటే, పదవది ప్రతిష్ఠితము. తొమ్మిది గొర్రెలే ఉన్నవాడి మందలో పదవది లేదు. లేనిదాన్ని అప్పు తెచ్చి కట్టమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయాన్ని ఇరవై రెండో వచనంతో ఆపకుండా చివరిదాకా చదివితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ దశమభాగాన్ని దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి తీసుకుపోయి, దూరమైతే వెండిగా మార్చుకొని వెళ్లి, అక్కడ కోరిన ఆహారం కొని, ఇంటివారితో కలిసి ఆయన సన్నిధిలో తిని సంతోషించమని, లేవీయుని మాత్రం విడిచిపెట్టవద్దని ఉంది. మూడేళ్లకొకసారి ఆ భాగాన్ని ఊరిలోనే కూడబెట్టి, లేవీయులు, పరదేశులు, తండ్రి లేనివారు, విధవరాండ్రు కడుపునిండా తినేలా చేయాలని ఉంది. ఈ భాగం మీద ప్రసంగం నేను చాలా తక్కువగా విన్నాను. దశమభాగమంతా మందిరపు కొట్టులోకి తెమ్మన్న మలాకీ మూడో అధ్యాయం పదో వచనం మాత్రం మన సంఘాలలో గోడలకు కూడా కంఠస్థం.

ఆ మలాకీనే తీసుకుందాము. పదో వచనానికి ఐదు వచనాల ముందు, అదే అధ్యాయంలో, దేవుడు ఎవరి మీద సాక్ష్యం పలకడానికి వస్తానన్నాడో చూడండి: మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణికులు, వారితో పాటు కూలి విషయంలో కూలివారిని, విధవరాండ్రను, తండ్రి లేనివారిని బాధపెట్టేవారు. దశమభాగం ఎగవేసిన దొంగతనం, కూలి ఎగవేసిన దొంగతనం ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నాయి. మీరు కూలీలకు 38,400 మొత్తం చెల్లించిన తరువాతే మిగులు లెక్క కట్టారు. ఆ పని మీరు సరిగానే చేశారు.

పురుగు సంగతి. పంటను తినివేసే పురుగులను గద్దిస్తానన్న మాట మలాకీలో ఉన్నది నిజమే. కాని ఒక ఇంటి చేనుకు పురుగు పట్టగానే ఆ ఇంటివారి పాపం వెదకడం, కష్టాలలో పడిన యోబు విషయంలో అతని స్నేహితులు చేసిన పని, చివరకు దేవుడు వారినే తప్పుపట్టాడు. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని తట్టుకునే శక్తి తెచ్చుకున్నదని శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పంటను డిసెంబరు దాటించి మరో ఏరుడు కోసం పొడిగిస్తే, పత్తి కట్టెను పీకివేయకుండా చేలోనే ఉంచితే, అది అందులో దాగి మరుసటి ఏడాది మళ్లీ వస్తుంది. మీ పక్క చేను వారు ఏ కానుకా ఇవ్వనివారై ఉండవచ్చు, ఎంతో ఇచ్చేవారై ఉండవచ్చు. గట్టు దాటేటప్పుడు ఆ పురుగు రసీదు అడగదు. ఈసారి కట్టెను సకాలంలో తీసివేయించండి, లింగాకర్షక బుట్టలు పెట్టించండి. ప్రార్థన కూడా చేయండి. ఆ రెండింటికీ తగవు లేదు.

మీ అత్తమ్మ గారి కళ్ల మాట దగ్గర నేను కొంతసేపు ఆగిపోయాను. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఒక సంగతి ఉంది. తల్లిదండ్రులకు చెందవలసిన సహాయాన్ని ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పితం, అని పేరు పెట్టి, వారికి ఏమీ చేయనక్కరలేకుండా చేసే పద్ధతిని ఆనాటి మతపెద్దలు అనుమతించారు. యేసు దాన్ని మెచ్చుకోలేదు సరికదా, మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారని నేరుగా అన్నారు. మీరు కావాలని అలా చేశారని నేను అనడం లేదు. మీ చేత అలా చేయించారు. వరంగల్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ ఉచితంగానే చేస్తారు. రానుపోను ఖర్చు, నాలుగు రోజులు ఆమె దగ్గర కూర్చోవడానికి పోయే కూలి, నల్ల కళ్లద్దాలు, ఇవే మీకు అయ్యే ఖర్చు. ముందు ఆ పని చేయించండి. మీ ఇంటాయనను సంఘానికి రమ్మని బతిమాలే ముందు తల్లిని ఆయనతో కలిసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పకపోతే నా జవాబు దారి తప్పుతుంది. పేదవారు ఇవ్వనక్కరలేదని నేను అనడం లేదు. ఆ మాట దయగా వినిపిస్తుంది కాని, అందులో ఒక చిన్నచూపు ఉంది. మన దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, బిషప్పు అయిన మొదటి భారతీయుడు. ఆయన సంఘస్థులలో అత్యధికులు భూమి లేని కూలీలు, అంటరానివారని ఊరి చివర ఉంచినవారు. అయినా వారికి ఇచ్చే బాధ్యత, ఇచ్చే గౌరవం రెండూ ఉన్నాయని ఆయన నమ్మారు. విదేశీ డబ్బు మీద నిలబడే సంఘం తన కాళ్ల మీద నిలబడదని ఆయన పట్టు. క్రైస్తవ దానం గురించి ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. వంట చేసే ముందు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, ఆదివారం నాడు మూటగట్టి తెచ్చే అలవాటు మన తెలుగు సంఘాలలో ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. పిడికెడు తీసినందువల్ల ఏ ఇల్లూ పస్తు ఉండదు, కాని ఆ తల్లి రోజుకు రెండుసార్లు ఇచ్చేదిగా ఉంటుంది. అందులో ఉన్నది వంతుల లెక్క కాదు, చేతి కొలత. ‘శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే’ అని పౌలు కొరింథీయులకు రాసిన మాటకు ఇంతకంటే మంచి అనువాదం నాకు తెలియదు.

నేను పదకొండేళ్లు ఒక సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. సోమవారం ఉదయం ఇద్దరు పెద్దలు, నేను కూర్చొని కానుకల సంచి విప్పేవాళ్లము. మిర్చి రోజుల్లో ఆ సంచి విప్పగానే ముగ్గురికీ తుమ్ములు వచ్చేవి. నోట్ల మడతల్లో ఎర్రటి పొడి ఉండేది. ఎనిమిది మడతలు పెట్టి, చీర కొంగులో ముడివేసి తెచ్చిన పది రూపాయల నోటు ఎవరిదో మాకు పేరు రాయకుండానే తెలిసేది. ఆ నోటును విప్పి సాపు చేస్తున్నప్పుడు, ఈమె ఏడాది మొత్తం అమ్మకం మీద పదో వంతు తీసిందా లేదా అని అడిగే ధైర్యం నాకు ఎన్నడూ కలగలేదు. అడిగే ధైర్యం ఉన్నవారిని చూశాను. ఒక ఏడాది ఒక పెద్దమనిషి దశమభాగం బాకీ ఉన్నవారి పేర్లు ఆరాధనలో చదవాలని పట్టుబట్టి చదివించారు. ఆ పేర్లలో ఉన్న ఒక కుటుంబం ఆ తరువాత ఏ సంఘానికీ వెళ్లలేదు. అప్పుడు కోశాధికారిగా ఆ పట్టిక రాసి ఇచ్చిన చేయి నాదే, కాబట్టి ఈ విషయంలో నేను ఇతరులకు బోధించేటంత పెద్దవాడిని కాను.

దశమభాగాన్ని పన్నుగా మార్చిన అనుభవం లోకానికి కొత్త కాదు. 585లో నేటి ఫ్రాన్సులోని మాకోన్ అనే చోట కూడిన బిషప్పుల సభ, ఇవ్వనివారిని వెలివేయాలని తీర్మానించింది. 779లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని రాజ్యశాసనం చేశాడు. ఆ తరువాత వెయ్యేళ్లపాటు అది రైతు పంట మీద పడే పన్నుల్లో ఒకటిగా ఉండి, 1789 ఆగస్టులో ఫ్రెంచి విప్లవం రద్దు చేసినప్పుడు దాని కోసం కన్నీరు పెట్టిన రైతు లేడు.

కాబట్టి ఈసారి పంట అమ్మినప్పుడు ముందుగా కూలీలకు, కౌలుకు, అప్పుకు చెల్లించండి. మిగిలిన దానిలో ఎంత ఇవ్వాలో మీరు, మీ ఇంటాయన కలిసి కూర్చొని నిశ్చయించుకోండి. పదో వంతు మంచి కొలత. మొదలుపెట్టడానికి తేలికైన గుర్తు. ఈ ఏడాది అంత కుదరకపోతే తక్కువ ఇవ్వండి. సణుగుకోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమన్న పౌలు, ఎంత వంతో ఆ మాట పక్కన రాయలేదు. పాస్టర్ గారితో తగవు పెట్టుకోవద్దు. ఈ లెక్క కాగితాన్నే ఆయన ముందు పెట్టి, ‘అయ్యగారూ, ఇందులో నాది ఏదో మీరే చూపించండి’ అని అడగండి. చాలామంది పాస్టర్లు పల్లెల్లో మనకంటే కష్టంగా బతుకుతున్నవారే. పురుగుమందుల షాపు బాకీ పుస్తకం ఎప్పుడూ చూడనందువల్ల అలా మాట్లాడి ఉండవచ్చు.

ప్రశ్న: నేను గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడిని. దేవుడు నన్ను ఆశీర్వదించాడు. రెండంతస్తుల ఇల్లు కట్టాను. దసరాకు వచ్చిన లాభాల వాటాతో పాటు కొంత పొదుపును తోటి కార్మికులకు మూడు రూపాయల వడ్డీకి ఇస్తున్నాను. భద్రత కోసం వారి ఏటీఎం కార్డులు నా దగ్గర ఉంటాయి. జీతం మీదనే కాక ఆ వడ్డీ మీద కూడా నెలనెలా తప్పకుండా దశమభాగం ఇస్తున్నాను. అయినా కొందరు విశ్వాసులు ధనవంతుడు పరలోకంలో చేరడం ఒంటె సూది బెజ్జంలో దూరడం కంటే కష్టమని నన్ను ఎత్తిపొడుస్తున్నారు. ధనం ఉండటం పాపమా? – ఒక సోదరుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: ధనం ఉండటం పాపం కాదు. అబ్రాహాముకు మందలు ఉన్నాయి. ఫిలిప్పీ పట్టణంలో పౌలును తన ఇంట్లో దించిన లూదియ ఊదారంగు పొడి అమ్మే వ్యాపారి. యేసు దేహాన్ని ఉంచడానికి సమాధి ఇచ్చిన అరిమతయి యోసేపు ధనవంతుడు. ‘ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము’ అని తిమోతికి రాసిన పత్రికలో ఉన్న మాటను చాలామంది ధనమే మూలమన్నట్టు చెబుతారు, అక్కడున్నది అపేక్ష. అదే అధ్యాయంలో కొంచెం కిందికి వస్తే, ధనవంతులు అస్థిరమైన ధనం మీద నమ్మకం పెట్టుకోకుండా, మేలు చేసేవారుగా, ఔదార్యం గలవారుగా ఉండాలని ఉంది. ఆస్తులు వదిలి అడవికి పొమ్మని లేదు. మీ ఇల్లు మీ చెమటతో కట్టినది. దాని గురించి ఎవరో ఎత్తిపొడిస్తే ఆ మాటను గుమ్మం బయటే వదిలేయండి.

కాని సోదరా, మీరు అడిగిన ప్రశ్న కంటే అడగని ప్రశ్న పెద్దది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. తోటి కార్మికుని ఏటీఎం కార్డు మీ బీరువాలో ఉందంటే, అతని జీతం పడిన రోజు ఆ ఇంట్లో బియ్యానికి ఎంత మిగలాలో నిర్ణయించేది అతని భార్య కాదు, మీరు. ‘నా ప్రజలలో నీ యొద్దనుండు ఒక బీదవానికి’ సొమ్ము అప్పిస్తే వడ్డీ కట్టవద్దని నిర్గమకాండము 22వ అధ్యాయం చెబుతుంది. తాకట్టు పెట్టిన వాని వస్త్రాన్ని సూర్యుడు అస్తమించక ముందే ఇచ్చివేయాలని, వాడు కప్పుకునేది అదొక్కటేనని తరువాతి వచనంలోనే ఉంది. ఏటీఎం కార్డు ఈనాటి ఆ వస్త్రం. పదిహేనో కీర్తన దేవుని గుడారంలో అతిథిగా ఉండదగినవాడు ఎవడని అడిగి, వడ్డీకి ద్రవ్యం ఇవ్వనివాడు అని కూడా చేర్చింది. బ్యాంకులో డిపాజిట్ మీద వచ్చే వడ్డీని, వ్యాపారంలో భాగస్వామ్యపు లాభాన్ని ఇదే గాటన కట్టనక్కరలేదని నేను అనుకుంటాను. అక్కడ ఒకరి ఆపదను మరొకరు కొనుక్కోవడం లేదు. పిల్లకు జ్వరం వస్తే రాత్రికి రాత్రి అప్పు తీసుకునేవాడికి మూడు రూపాయల వడ్డీ వేయడం మాత్రం ఆ కోవలో చేరదు.

అలా వచ్చిన వడ్డీలో పదో వంతు సంఘానికి ఇస్తే మిగిలిన తొమ్మిది వంతులు శుభ్రపడతాయని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది. నేను పొరబడితే క్షమించండి. సుంకపు గుత్తదారుడైన జక్కయ్య సంగతి మీకు తెలిసిందే. యేసు తన ఇంటికి వచ్చిన రోజు జక్కయ్య దశమభాగం మాటే ఎత్తలేదు. సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకొని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. తిరిగి ఇవ్వవలసింది సంఘం పెట్టెలోకి కాదు, తీసుకున్నవారి చేతుల్లోకి. మీరు నాలుగింతలు ఇవ్వలేకపోవచ్చు. కార్డులు ఇచ్చివేయండి, అసలుకు మించి ఇప్పటికే కట్టినవారి లెక్క మూసివేయండి, మిగిలినవారికి అసలు మాత్రం వాయిదాలుగా తీసుకోండి. ఆ నెల మీ దశమభాగం తగ్గుతుంది. మీ సంఘ కోశాధికారి కారణం అడిగితే చెప్పండి, ఆయనా నేర్చుకుంటాడు.

జీవనం ఎంతలో గడుపుకోవాలన్న విషయంలో మీకు ఒక లెక్క చెబుతాను. మన కరీంనగర్, మెదక్ ప్రాంతాలకు సువార్త తెచ్చిన మిషనులలో ఒకటి వెస్లియన్ మిషన్. ఆ శాఖకు మూలపురుషుడు జాన్ వెస్లీ 18వ శతాబ్దపు ఇంగ్లండు వాడు. ఆయన ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడు ఏడాదికి 30 పౌండ్ల ఆదాయంలో 28 తనకు ఉంచుకొని 2 ఇచ్చేవాడని, ఆదాయం 60 అయిన ఏడాది కూడా 28తోనే బతికి 32 ఇచ్చాడని, 90 అయినప్పుడు 62 ఇచ్చాడని చెబుతారు. అంతటి నిష్ఠ మనకు కుదరదు; పెళ్లి కాని రోజుల లెక్క అది, పిల్లల ఫీజులు లేవు. అయినా అందులో గమనించవలసినది ఉంది. ఆయన ఇచ్చే వంతును స్థిరంగా ఉంచలేదు, తన ఖర్చును స్థిరంగా ఉంచాడు. జీతం 20,000 ఉన్న కార్మికుడు 2,000 ఇస్తే ఇంట్లో కూర మారుతుంది. లక్ష జీతం ఉన్నవాడు 10,000 ఇస్తే ఏమీ మారదు. ఇద్దరికీ పదో వంతే. సింగరేణిలో ఓవర్‌మ్యాన్ అనే పర్యవేక్షకునికి, కాంట్రాక్టు కార్మికునికి ఒకే కొలత పెట్టి ఇద్దరూ సమానంగా ఇచ్చారని సంఘం సంతోషిస్తే, కానుక పెట్టె ఎదుట కూర్చొని రెండు కాసులు వేసిన విధవరాలిని చూసిన యేసు చూపు మనకు అబ్బలేదనే అర్థం.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మా సొంత సంఘం హనుమకొండలో ఉంది. దశమభాగాన్ని పన్ను, పీఎఫ్ కోతలకు ముందున్న జీతం మీద లెక్కించాలా, చేతికి వచ్చిన దాని మీదా? అమ్మానాన్నలకు ప్రతి నెలా పంపే పది వేలను అందులో కలుపుకోవచ్చా? ఏ సంఘానికి ఇవ్వాలి?

జవాబు: పన్నుగా పోయినది మీ చేతికి రాలేదు, దాన్ని లెక్కలో పట్టనక్కరలేదు. పీఎఫ్ మీదే, కాని ఇంకా రాలేదు. తీసుకున్న రోజున ఆలోచించండి. అమ్మానాన్నలకు పంపేది కానుక కాదు. తల్లిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. మీ చదువు కోసం వారు అమ్ముకున్న గుంటల లెక్క మీకు తెలిసే ఉంటుంది. దాన్ని దశమభాగంలో కలిపితే వారి అప్పును దేవుని ఖాతాలోంచి తీర్చినట్టవుతుంది. అయితే నెల గడవక రెండింటిలో ఒకటే కుదిరే పరిస్థితి వస్తే, ముందు వారికి పంపండి. సంఘం విషయంలో, మీరు వాక్యం వింటూ పాలుపొందే చోట ముఖ్య భాగం ఇవ్వడం న్యాయం. కోతకాలపు పండుగకు మాత్రం ఊరికి వెళ్లి వేలంలో ఒక గుమ్మడికాయ పాడండి. పాడినవారు దాన్ని మళ్లీ వేలానికి ఇచ్చివేయడం, ఒకే కాయ మూడు నాలుగుసార్లు అమ్ముడుపోవడం, చివరకు అది ఏ విధవరాలి ఇంటికో చేరడం, ఇది ఫోన్‌లో పంపే డబ్బుతో దొరికేది కాదు.

ప్రశ్న: మేము పాస్టర్ గారికి దశమభాగం ఇస్తాము. మరి ఆయన ఎవరికి ఇవ్వాలి? ఈ ప్రశ్న అడిగితే సంఘంలో అందరూ నవ్వారు. – నర్సంపేట

జవాబు: నవ్వవలసిన ప్రశ్న కాదు. సంఖ్యాకాండము 18వ అధ్యాయం ప్రకారం లేవీయులు తాము పుచ్చుకున్న దశమభాగంలోంచి మళ్లీ దశమభాగం తీసి యాజకుడైన అహరోనుకు ఇవ్వాలి. కాబట్టి పుచ్చుకునేవారు ఇవ్వనక్కరలేదన్న మినహాయింపు ఎవరికీ లేదు. మీ పాస్టర్ గారు బీదలకో, మరొక చిన్న సంఘానికో ఇస్తూ ఉండవచ్చు. మర్యాదగా అడిగితే చెబుతారు.

దానికంటే ముఖ్యంగా అడగవలసింది లెక్క. లేవీయులకు భాగాలు అందక వారు తమ తమ పొలాలకు పారిపోయిన సంగతి నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది. అప్పుడు నెహెమ్యా ప్రజలను గద్దించడంతో సరిపెట్టలేదు. నమ్మకమైనవారని పేరున్న నలుగురిని కొట్ల మీద కాపరులుగా నియమించాడు. పౌలు కూడా యెరూషలేములోని బీదల కోసం కూర్చిన చందాను ఒక్కడే మోసుకుపోలేదు. ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని తోడుగా సహోదరులను పంపాడు.

మా సంఘంలో నేను చివరి రెండేళ్లు చేయగలిగిన ఒక్క మంచి పని అది. నెల మొదటి ఆదివారం నాడు వచ్చినది, పోయినది ఒక కాగితం మీద రాసి తలుపుకు అతికించేవాళ్లము. మొదటి నెల దాన్ని ఎవరూ చదవలేదు. మూడో నెల, చదువు రాని ఒక ముసలమ్మ తన మనవడి చేత అక్షరం అక్షరం చదివించుకొని, వారానికి ఒక్క పూట ఆరాధన జరిగే గుడికి కరెంటు బిల్లు ఇంత ఎందుకు వచ్చిందని నన్ను అడిగింది. వెతికితే, వెనుక గదిలో ఒక ఫ్యాను వారమంతా తిరుగుతూనే ఉంది.